గణపతి వ్యాన్‌ల ఏడు అద్దాలు

స్కూలు వ్యాన్ నడిపే గణపతి, బండి నడుపుకుంటనే ఎవరో ఆడమనిషితోని ఫోన్‌ల ముచ్చట పెడుతడని, చౌరస్తాల కెమెరాకు రెండుసార్లు దొరికిండని, అందుకే పిల్లల తల్లులు ఆయన బండి బందు పెట్టించిన్రని సూరత్ పర్వత్ పాటియా దిక్కు మన తెలుగోళ్ల గల్లీలన్నిట్ల ఒక మాట తిరుగుతున్నది. ఆమెది ఒడిశా అని ఒకలంటరు. కాదు, సచిన్ బస్తీల చాయ్ బండి పెట్టుకున్న ఆమె అని ఇంకొకలంటరు. మొన్న ఒక పెండ్లిలనైతే ఆమెకు ఒక కొడుకు సుత ఉన్నడని, వాని ముక్కు అచ్చం గణపతి ముక్కేనని చెప్పినామె ఉన్నది. మాట ముక్కు దాక వచ్చినంక ఇగ ఊకుంటే మంచిగుండదు. ఆ వ్యాన్ ఇప్పుడు పిల్లలను ఎక్కించుకుంటలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా గణపతికి కొత్తగ పొయ్యేది ఏం లేదు. చెప్పుకోండ్రి అన్నది సుత ఆయన పెండ్లాం ఎల్లవ్వనే.

కెమెరాకు దొరికిన మాట నిజం. మిగిలిందంత వట్టిది.

గణపతిది సిరిసిల్ల అవతల ఒక పల్లె. పదిహేడో ఏట మేనమామ ఎంట సూరత్ వచ్చిండు. సచిన్‌ల ఒక మగ్గాల కార్ఖానాల దారపు బాబిన్లు అందిచ్చుడుతోని మొదలువెట్టి, ఆరు మగ్గాలు ఒక్కడే చూసుకునే కారీగర్ అయ్యిండు. ఇరువై ఆరేండ్లు అదే రేకుల షెడ్డు, అదే పన్నెండు గంటల పాళి. ఆ షెడ్డుల నూరు మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే మనిషి నోరు తెరిచి బొబ్బ పెట్టినా పక్కనోనికి వినరాదు. అందుకని అక్కడ మాటలన్ని చేతులతోనే. రెండు వేళ్లు దగ్గరికి తెచ్చి ఎడం చేస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి తగిలిస్తే చాయ్ వచ్చిందని. కడుపు ముందల అరచేయి గుండ్రంగ తిప్పితే సేఠ్ వస్తున్నడు, నిద్రపోయేటోళ్లు లేవుండ్రని. ఇంకా ఎక్కువ ముచ్చట ఉంటే ఒకల పెదవులు ఒకలు చూసుకొని అర్థం చేసుకునుడే.

ఎల్లవ్వ పెండ్లయిన కొత్తల రెండేండ్లు అదే కార్ఖానాల బాబిన్లు చుట్టింది. ఆ చేతుల మాటలు ఆమెకు వచ్చు. ఊరి నుంచి అత్త వచ్చి నెల రోజులు ఉన్నప్పుడు, ఒక్క అర్రల ముగ్గురు ఉండి ఏం మాట్లాడుకోరాక, మొగడు పెండ్లాం గవే సైగలు ఇంట్ల గూడ చేసుకునేటోళ్లు. అత్తకు సేఠ్ గుర్తు పెట్టిన్రు. ఆమె బయటికెల్లి వస్తుంటే గణపతి కడుపు మీద చెయ్యి తిప్పేటోడు, ఎల్లవ్వ కొంగు నోట్ల కుక్కుకునేది. అది ఇరువై మూడేండ్ల కిందటి ముచ్చట. తర్వాత లత పుట్టింది. పాళీలు, చాయ్‌లు, నిద్రలు. మాట్లాడుకునుడు అవసరం పడినంతనే ఉండె, తర్వాత అంత గూడ అవసరం పడలే. దానికి ఎవలు బాధపడ్డట్టు ఏం లేదు. గల్లీల చాన ఇండ్లల్ల గదే కథ.

ఐదేండ్ల కింద సేఠ్ పాత మగ్గాలు పాత ఇనుము కింద తూకమేసి అమ్మి, నీళ్లతోని నడిచే కొత్త మిషన్లు పెట్టిండు. వాటికి పది మంది సాలు. గణపతికి అంతకుముందే లైసెన్సు ఉండె. ఒక పాత వ్యాన్ తీసుకొని స్కూలు పిల్లలను తోలుడు మొదలువెట్టిండు. మన గల్లీ పిల్లలు ఏడుగురు, మెయిన్ రోడ్డు మీది అపార్టుమెంట్ల పిల్లలు ఐదుగురు. నెమ్మదిగ నడుపుతడు, గుంతల కాడ ఆపి దించుతడు, వానొస్తే పిల్లలను గొడుగు కింద ఇంటి మెట్టు దాక తోలుకపోతడు. అపార్టుమెంటుల ఉదయశ్రీ అని ఒకామె ఉన్నది, ఆమె పెనిమిటి బ్యాంకుల ఆఫీసరు. పిల్లల తల్లులకు ఆమెనే పెద్ద. ఆమె అందరితోని అనేది, "మా పాత డ్రైవరు పిల్లలు నవ్వితే కసిరేవాడండీ. గణపతిగారి ఓపిక చూడాలి. బండి పీకి పందిరేసినా ఒక్క మాట అనడు."

వ్యాన్ కొన్నప్పుడు దానికి మూడే అద్దాలు. బయట రెండు, లోపల ఒకటి. రెండేండ్ల సంది ఒక్కొక్కటి పెరుగుకుంట పెరుగుకుంట ఏడయినై. బయటి అద్దాలకు రెండు గుండ్రటివి అంటించుకున్నడు, లోపల రెండు మూలలకు రెండు పెట్టిచ్చుకున్నడు. పక్కింటి సారక్క ఊకుంటదా?

"ఏం బావా, బండి నడుపుతున్నవా, సెలూన్ పెట్టినవా?" అని అడిగింది.

గణపతి ఆమె మొకం దిక్కు చూసి నవ్విండు. గంతే.

వానల దినాలల్ల మొదటి మెమో వచ్చింది. సూరత్‌ల పోలీసు మనిషి ఎదురొచ్చి ఆపే పనే లేదు. పైన కెమెరా ఫోటో తీస్తది, మెమో ఫోన్‌కు వస్తది. లత కాలేజీ నుంచి వచ్చి బాపు ఫోన్ చూసి, "అమ్మా, బాపుకు మెమో ఆయా హై," అని అరిచింది. గుజరాతీల ఉన్నది చదివి తెలుగుల చెప్పింది. బండి నడుపుకుంట మొబైల్ వాడిండు అని. కింద ఫోటో ఉన్నది. అద్దం మీద వాన చారలు. అందులకెల్లి గణపతి. ఎడమ చెయ్యి స్టీరింగు మీద. కుడి చెయ్యి కుడి చెవికి. మోచెయ్యి కిటికీ బయటికి పొడుచుకొచ్చింది.

"ఏందయ్యా ఇది?" అని ఎల్లవ్వ ఫోటో ఆయన మొకం ముందల పెట్టింది.

గణపతి చానసేపు చూసిండు. "నేనే," అన్నడు.

"నువ్వేనని కనవడ్తనే ఉన్నది. ఎవలతోని?"

"ఎవలతోని లేదు," అని లేచి నీళ్లు తాగిండు. జుర్మానా లతతోని ఫోన్‌లనే కట్టిచ్చిండు.

ముచ్చట దాగుతదా? తెల్లారి సాయంత్రమే ఉదయశ్రీ ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూసున్నది గాని వెనుకకు ఒరుగలే.

"గణపతిగారూ, మీ మీద గౌరవంతోనే వచ్చాను. పన్నెండు మంది పిల్లలండీ. మావారు కూడా బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తుతాడు, ఆయన్నీ తిడతాను. కానీ ఆయన వెనకాల పన్నెండు మంది ఉండరు కదా."

"అవునమ్మా," అన్నడు గణపతి.

"ఒక పని చేద్దాం. పొద్దున బండి తాళం తీసుకునే ముందు ఫోన్ ఎల్లవ్వ చేతిలో పెట్టండి. సాయంత్రం బండి ఆపాకే తీసుకోవాలి. మాకేదైనా చెప్పాల్సొస్తే ఎల్లవ్వకే చేస్తాం. పంచర్లూ గించర్లూ అయితే స్కూల్లో చెప్పండి, వాళ్లే మాకు చెబుతారు. సరేనా?"

"సరే," అన్నడు. జేబులకెల్లి ఫోన్ తీసి అప్పుడే ఎల్లవ్వ ఒడిల పెట్టిండు.

గుమ్మంల నిలవడ్డ సారక్క ఉదయశ్రీ పోయినంక అన్నది, "ఎల్లక్కా, మొగోడు ఫోన్ గింత సులువుగ ఇచ్చిండంటే ఇంకోటి ఉన్నట్టే."

"నీ నోట్ల మన్ను పడ," అని ఎల్లవ్వ నవ్వింది. సారక్క గూడ నవ్వింది.

అప్పటి సంది ఎల్లవ్వ మొగని ఫోన్ గుడ్డ సంచిల పెట్టి మెడకు వేసుకునేది. ఆమె ఇంట్ల కూసుండి చీరలకు రాళ్లంటించే పని చేస్తది. రోజంత బంక పట్టి పట్టి ఆమె వేళ్ల కొసలు మొద్దుబారిపోయినయి, వేడి గిన్నె పట్టినా ఒక్క నిమిషం దాక తెల్వది. ఫోన్ మోగినప్పుడు ఆ వేలుతోని రాస్తే ఫోన్‌కు గూడ తెల్వది. మూడుసార్లు రాయాలె.

పన్నెండు రోజులు ఆ ఫోన్ ఆమె మెడల ఉన్నది. లోపల్లోపల ఎదురుచూసింది గూడ, అబద్ధమెందుకు? ఏదో ఒక గొంతు వస్తది, 'ఎవరు' అని అడిగి పెట్టేస్తది అనుకున్నది. రాలే. తల్లులు చేసిన్రు. టైర్ల దుకాణపోడు చేసిండు. ఊరి నుంచి ఆడిబిడ్డ పోశమ్మ చేసింది.

"వదినె, అన్న నాతోని మాట్లాడక రెండేండ్లాయె," అన్నది పోశమ్మ. "ఎప్పుడు చేసినా ఆ, ఆ అని నీకిస్తడు. నేనేం తప్పు జేసిన?"

"తప్పేముంది పోశమ్మా? పనిల ఉంటడు."

"గంత పనా?"

"గంత పనే."

ఫోన్ పెట్టేసినంక ఎల్లవ్వ ఒక్క గడియ యోచన చేసింది. ఆమె తోడబుట్టినోళ్లు చేసినా గంతే, నువ్వే మాట్లాడు అంటడు. తనంటే పట్టింపు లేక తన వాళ్లంటే గూడ లేదేమో అనుకునేది. వాళ్ల చెల్లె సంగతి గూడ గదేనని ఇప్పుడే తెలిసింది. తెలిసినా ఏమనిపించలే. మల్ల రాయి తీసి బంకల ముంచింది.

పదమూడో రోజు రెండో మెమో వచ్చింది.

మల్ల అదే చౌరస్తా. అదే మోచెయ్యి. తారీఖు చూస్తే మొన్న గురువారం, టైము పగటీలి పన్నెండు నలువై. లత ఫోటోను వేళ్లతోని పెద్దగ చేసి చూసింది, మసక మసకగ పగిలిపోయింది గాని ఏం తేలలే.

"అమ్మా, ఫోన్ నీ దగ్గరే ఉండెగా గురువారం?"

ఉన్నది. ఎల్లవ్వకు మంచిగ యాదికున్నది. గురువారం పగటీలి ఉదయశ్రీ అదే ఫోన్‌కు చేసి, మా పాప టిఫిన్ డబ్బా వ్యాన్‌లో మరిచిపోయిందేమో చూడమని అడిగింది. ఎల్లవ్వ ఎత్తి మాట్లాడింది. అప్పుడు పన్నెండున్నర దాటింది.

"అంటే బాపు దగ్గర దూస్రా ఫోన్ ఉన్నట్టే," అన్నది లత మెల్లగ.

ఎల్లవ్వ కోపం వస్తదని ఎదురుచూసింది, రాలే. ఏడుపు వస్తదేమో అనుకున్నది, అది గూడ రాలే. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండె, వార్చింది.

సారక్క అప్పటికే ఒక ముచ్చట పట్టుకొచ్చింది. "ఎల్లక్కా, చెప్పొద్దనుకున్న గాని చెప్తున్న. మంగళవారం నేను కూరగాయలకు పోయినప్పుడు బావ బండి వెనుక అంబులెన్సు కుయ్యో మొర్రో అనవట్టే. జరగడే! చెయ్యి చెవికి పెట్టుకొని ముంగట ముంగటనే పోతుండు. రోడ్డు మీది జనం బండి మీద గుద్దిన్రు, అప్పుడు అద్దంల చూసి పక్కకు తీసిండు. గంత మునిగిపోయే ముచ్చట ఏముంటది, నువ్వే చెప్పు?"

ఎల్లవ్వ మల్ల రాళ్ల పని ముందలేసుకున్నది.

ఉదయశ్రీ ఈసారి రాలేదు, ఫోన్ చేసింది. గొంతుల కోపం లేదు, అదే ఎల్లవ్వకు కష్టమనిపించింది. "ఎల్లవ్వా, ఆదివారం సాయంత్రం ఐదింటికి నలుగురం వస్తాం. ఆయన్ని ఇంట్లోనే ఉండమను. ఆ రెండో ఫోన్ మా ముందు పెట్టి, ఇక వాడనని చెబితే ఆలోచిస్తాం. లేకపోతే సోమవారం నుంచి పిల్లల్ని పంపం. ఇంకో సంగతి. రెండోసారి కదా, లైసెన్సు మూడు నెలలు ఆపుతారని మావారు అంటున్నారు. నిజమో కాదో కనుక్కోండి."

ఆదివారం సంగతి, మూడు నెలల సంగతి ఎల్లవ్వ ఎదురుంగ కూసుండి చెప్తే గణపతి తల ఊపిండు. వ్యాన్ ఆగితే ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. రాళ్లంటించే పనితోని లత చదువు సాగదు. ఎల్లవ్వకు ఇది ఎవలు చెప్పాల్సిన పని లేదు.

శనివారం పగటీలి గణపతి నిద్రపోయినప్పుడు ఆమె తాళం తీసుకొని వ్యాన్ వెతికింది. సీట్ల కింద చెయ్యి పెట్టింది. ఒక నీళ్ల సీసా, ఒక కాలి సాక్సు, విరిగిన స్కేలు, చాక్లెట్ కాగితాలు. స్టీరింగు పక్క డబ్బాల కాగితాలు, ఒక దువ్వెన. ఫోన్ లేదు. ఛార్జర్ గూడ లేదు. చివరికి డ్రైవర్ సీట్ల కూసున్నది. ఐదేండ్లల్ల ఆ సీట్ల ఎన్నడు కూసోలే. తల ఎత్తి చూసింది. బయటి నాలుగు అద్దాలల్ల రోడ్డు ఉన్నది. లోపలి మూడు అద్దాలల్ల రోడ్డు లేదు. వెనుక సీట్లు ఉన్నయి. ఏ మూల కూసున్న పిల్ల మొకమైనా అక్కడికెల్లి కనవడేటట్టు వంచి పెట్టిండు. గడ్డం దాక, నోరు దాక. ఎందుకో ఆమెకు అర్థం కాలే. తలుపేసి వచ్చింది.

ఆదివారం పొద్దుగాల రాళ్ల పని మూట కట్టి పక్కకు పెట్టి, షేరింగ్ ఆటో ఎక్కి పాండేసర పోయింది. అక్కడ ఒక రంగుల మిల్లు గేటు కాడ బ్రహ్మచారి అనేటాయన కావలి ఉంటడు. కార్ఖానాల ఇరువై ఏండ్లు గణపతి పక్క మగ్గాలు ఆయనయే. గణపతి సంగతి ఆయనకు తెల్వంది ఉండదు.

ఆ రోజు మిల్లు సెలవు. బాయిలర్ సల్లగున్నది, రోడ్డు మీద లారీలు లెవ్వు. గేటు మీద పిట్ట వాలితే గోర్ల సప్పుడు వినవడేంత నిమ్మళం. బ్రహ్మచారి ఆమెను చూసి స్టూలు మీదికెల్లి లేచిండు.

"వదినే! గిటు దిక్కు ఎట్ల దారి తప్పినవ్?" అని రోడ్డవతలికి వినవడేటట్టు అరిచిండు. కార్ఖానాల పనిచేసినోళ్లు అందరు గట్లనే మాట్లాడుతరు.

"నీ దోస్తు ముచ్చట అడగనీకి వచ్చిన. దాచకుండ చెప్పాలె."

"జర ముందలికి వచ్చి చెప్పు, మిషన్ల సప్పుడు."

ఎల్లవ్వ బందున్న మిల్లు దిక్కు చూసింది. తర్వాత ఆయన ముందలికి పోయి నిలవడ్డది. "మీ గణపతి ఫోన్ మాట్లాడేది ఎవలతోని? ఆమె ఎవలు?"

బ్రహ్మచారి ఆమె నోరు దిక్కే చూసి, అర్థమైనంక పొట్ట పట్టుకొని నవ్విండు. "గణపతికా? ఆడమనిషా? వదినే, వాడు కార్ఖానాల ఉన్నప్పుడు చాయ్ అమ్మే ఆమె మొకం చూడకుండ చాయ్ తాగేటోడు. ఆమె నన్నడిగింది, గాయనకు నేనేమన్న బాకీ ఉన్ననా అని!"

"నవ్వకు. కెమెరాల రెండుసార్లు పడ్డడు."

"పడనీ. ఎవలో కండ్లు లేనోడు తీసి ఉంటడు."

నవ్వి నవ్వి దగ్గు వచ్చింది ఆయనకు. దగ్గు ఆగినంక స్టూలు మీద కూసున్నడు. కూసుండి, తనకే తెల్వకుండ, కుడి అరచెయ్యి చెవి మీద పెట్టి గట్టిగ ఒత్తుకున్నడు. మోచెయ్యి పక్కకు పొడుచుకొచ్చింది. వేళ్లు తల వెనుకకు పోయినయి. కండ్లు సగం మూసిండు.

ఎల్లవ్వ ఆ చెయ్యిని ముందల చూసింది. పక్కకు జరిగి చూసింది. వాన చారలు లెవ్వు, అద్దం లేదు. అరచెయ్యికి చెవికి నడుమ ఏం లేదు.

ఆయన కండ్లు తెరిచినంక అడిగింది, "చెయ్యి ఎందుకట్ల పెట్టుకున్నవ్?"

బ్రహ్మచారి తన చెయ్యిని ఎవలిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నడు. "ఇదా? లోపల మగ్గం నడుస్తది వదినే. పండుకున్నా నడుస్తది, తిన్నా నడుస్తది. గట్టిగ ఒత్తితే ఒక్క నిమిషం జర తక్కువైతది. మా పాత కారీగర్లు అందరికి ఉన్నది. నీ మొగనికి లేదా?"

ఎల్లవ్వ ఒక్క అడుగు ముందలికి జరిగింది.

"నీకు మాటలు వినవడ్తయా?" అని అడిగింది.

"ఎదురుంగ ఉంటే వినవడ్తయి," అన్నడు. తర్వాత తనే నవ్విండు. "వినవడవు. కనవడ్తయి. మూడేండ్ల కింద ఈ మిల్లుల టెంపో నడుపుత అని అడిగిన. డాక్టర్ తానికి తోలిన్రు. ఆయన చెవుల మీద మిషన్ డబ్బాలు పెట్టి, సప్పుడు వస్తే చెయ్యి ఎత్తుమన్నడు. నేను చెయ్యి ఎత్తుదామని ఎదురుచూసుకుంటనే కూసున్న. అయిపోయింది, ఇగ లెయ్ అన్నడు. నాకు ఇగ లైసెన్సు ఇయ్యరట. ఒక ఏడు రెండేండ్లు కాదు, జిందగీల ఇయ్యరట. గిక్కడ కూసుండబెట్టిన్రు. గేటుకు చెవులతోని ఏం పని, కండ్లుంటే సాలు."

ఆయన చాయ్ తెప్పిస్త అన్నడు. వద్దన్నది. "లతకు సంబంధాలు చూస్తున్నరా?" అని అడిగిండు. లేదన్నది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోల ముందు సీటు పక్కన కూసున్నది. ఆ ఆటో నడిపే ఆయన ఫోన్ మెడకు భుజానికి నడుమ ఇరికిచ్చుకొని, ఎవలితోనో గుజరాతీల నవ్వుకుంట మాట్లాడుకుంటనే రెండు చౌరస్తాలు దాటిండు. వెనుకకెల్లి బండోడు హారన్ కొడితే ఫోన్ తియ్యకుండనే పక్కకు తీసిండు. ఆయనకు హారన్ వినవడ్డది. ఏ కెమెరా ఆయనను పట్టలే. ఎల్లవ్వ రోడ్డు దిక్కు చూసుకుంట కూసున్నది. ఆడిబిడ్డ ఏడుపు గొంతు, అద్దాలల్ల పిల్లల గడ్డాలు, అంబులెన్సు, ఏమన్నా కసరని ఓపిక, అన్ని ఒక్కొక్కటి వచ్చి ఆమె ముందల కూసున్నయి. ఇంట్ల రెండేండ్ల సంది గుమ్మానికి ఎదురుంగనే ఎందుకు కూసుంటడో గూడ అర్థమైంది. మొగనికి ఇంకో ఆడమనిషి లేదు అని తెలిసింది గదా, నిమ్మళం కావాలె. కాలే. ఉన్నా బాగుండు అన్నంత దాక పోయింది ఆమె మనసు. ఆడమనిషినైతే తిట్టి పంపొచ్చు.

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. లత ట్యూషన్ చెప్పనీకి పోయింది. గణపతి గుమ్మానికి ఎదురుంగ చాప మీద కూసుండి ఖారీ బిస్కట్ చాయ్‌ల ముంచుకొని తింటున్నడు. ఆమెను చూసి తల ఊపిండు. ఆమె లోపలికి పోయి, పొయ్యి కాడ, ఆయన వీపు వెనుక నిలవడ్డది.

"ఏమయ్యా," అన్నది, మామూలు గొంతుతోనే.

ఆయన బిస్కట్ ముంచిండు.

"వ్యాన్‌కు ఎవలో అగ్గి పెట్టిన్రట."

ఆయన బిస్కట్ మెత్తబడే దాక చూసి, తుంటలు కిందపడకుండ అరచెయ్యి అడుగున పెట్టుకొని నోట్ల వేసుకున్నడు. ఆ వ్యాన్‌ను ఆయన రోజు రెండుసార్లు తుడుస్తడు. పక్కింటి పిల్లి దాని మీద ఎక్కినా లేచి ఉరుకుతడు.

ఎల్లవ్వ ఇంకొంచెం సేపు అక్కడనే నిలవడ్డది. ఆయన మెడ మీద వెంట్రుకలు నెరిసినయి. ఎప్పుడు నెరిసినయో చూడలే. చాయ్ గిన్నె కింద మంట బందు పెట్టింది. గిన్నె అంచు పట్టుకున్నది, వేలికి కాలలే.

గోడ మీది గడియారంల ఐదుకు పది నిమిషాలు తక్కువ. కింద మెట్ల కాడ చెప్పుల సప్పుడు అయింది. నలుగురి మాటలు, అందుల ఉదయశ్రీ గొంతు, "మెల్లగా రండి, ఇక్కడ మెట్టు పగిలింది," అని. గణపతి చాయ్ గ్లాసు తిప్పుకుంట గుమ్మం దిక్కే చూస్తున్నడు. గుమ్మంల ఇంకా ఎవలు లేరు కాబట్టి ఆయన మొకంల ఏం లేదు.

ఎల్లవ్వ వచ్చి ఆయన ముందల గొంతుక్కూసున్నది. ఆయన చూసిండు. ఆమె ఊపిరి గూడ తియ్యకుండ, గొంతు అసలే లేపకుండ, కార్ఖానాల బాబిన్లు చుట్టేటప్పటి లెక్క, ఒట్టి పెదవులతోనే అడిగింది.

"నీకు చెవులు వినవడ్తలెవ్వు గదా. వాళ్లు మెట్లెక్కుతున్నరు. ఏం చెప్పాలె?"

సప్పుడు లేని ఆ మాటకు గణపతి చాయ్ గ్లాసు కింద పెట్టిండు. ఆమె పెదవులు మల్ల కదులుతయేమోనని ఒక్క గడియ చూసిండు. కదలకపోయేసరికి, రోడ్డవతలికి వినవడేంత గట్టిగ కాకుండ, ఎన్నేండ్లకో మొదటిసారి మెల్లగ అన్నడు.

"ఫోన్‌ల మాట్లాడిండనే చెప్పు. గా తప్పుకైతే మూడు నెలలే."